ఓటీయూబీ1 ఎంజైమ్ చచ్చిపోయిందా, సబ్‌స్ట్రేట్ సరిపడలేదా?

తార్నాక_స్కాలర్

అందరికీ నమస్కారం. రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఒక ప్రోటీన్ ప్రోటియాజోమ్‌కి (కణంలో అక్కరలేని ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రం) చిక్కకుండా ఎందుకు నిలిచిపోతోందో మా ల్యాబ్‌లో చూస్తున్నాం. నాశనం చేయమనే గుర్తుగా దాని మీద పడే యుబిక్విటిన్ గొలుసులను ఓటీయూబీ1 అనే ఎంజైమ్ కత్తిరించేస్తోందని మా అనుమానం. అది తేల్చడానికి రీకాంబినెంట్ హ్యూమన్ ఓటీయూబీ1 తెప్పించాం. ఈ.కోలైలో తయారైంది, ఎన్-టెర్మినస్ వైపు హిస్ ట్యాగ్ ఉంది, 271 అమైనో ఆమ్లాల పూర్తి ప్రోటీన్. జెల్ మీద 30 కిలోడాల్టన్లకు కాస్త పైన ఒకే బ్యాండ్, శుభ్రంగా ఉంది.

సమస్య ఏంటంటే యూబీ-ఏఎంసీ మీద (ఎంజైమ్ తెంచితే మెరిసే పరీక్ష సబ్‌స్ట్రేట్ ఇది) అసలు సిగ్నల్ రావట్లేదు. ఎంజైమ్ 100 నానోమోలార్, సబ్‌స్ట్రేట్ 500 నానోమోలార్ వేశాం. 380 నానోమీటర్ల దగ్గర ఎక్సైట్ చేసి 460 దగ్గర చదువుతున్నాం. గంటసేపు చూసినా గీత కదలదు. అదే ప్లేట్‌లో యూసీహెచ్‌ఎల్3 అనే ఇంకో ఎంజైమ్ వేస్తే వెంటనే పైకి లేచి, సబ్‌స్ట్రేట్ అయిపోయాక ఆగింది. అంటే సబ్‌స్ట్రేట్, రీడర్ బాగానే ఉన్నట్టే కదా.

పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, మా చేతికి వచ్చేసరికి డ్రై ఐస్ దాదాపు అయిపోయింది. దారిలోనే ఎంజైమ్ చచ్చిపోయి ఉంటుందని, కంపెనీకి రాసి ఇంకోటి పంపమని అడుగుదామని మా సార్ అంటున్నారు. రాసే ముందు ఇక్కడ అడగాలనిపించింది. టెన్షన్‌గా ఉంది, ఈ గ్రాంట్‌లో ఇంకోటి కొనే డబ్బు లేదు.

బెంచ్_వైజాగ్

బఫర్ ఏంటి? డీటీటీ (ఆక్సిడేషన్‌ని వెనక్కి తిప్పే రసాయనం) వేశారా? సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో కోసే ఎంజైమ్ కదా, అది ఆక్సిడైజ్ అయితే కదలదు. ట్యూబ్ గోడలకు అంటుకుపోయే అవకాశం కూడా చూసుకోండి.

తార్నాక_స్కాలర్

50 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 7.5, 50 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 5 మిల్లీమోలార్ డీటీటీ. డీటీటీ అప్పటికప్పుడు కలిపిందే. ప్లాస్టిక్‌కి అంటుకోకుండా మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాముల బీఎస్‌ఏ ప్రోటీన్ కూడా ఉంది.

పాత_ప్రోటీన్

అమ్మా, కంపెనీకి ఇప్పుడే రాయకు. నువ్వు చెప్పిన ఫలితంతో ఎంజైమ్ చచ్చిందని అనలేం. ఆరోగ్యంగా ఉన్న ఓటీయూబీ1 కూడా యూబీ-ఏఎంసీ మీద దాదాపు ఇలాగే ఉంటుంది.

ఎందుకో చెబుతాను. యుబిక్విటిన్ 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్, 8.5 కిలోడాల్టన్లు. యూబీ-ఏఎంసీలో దాని చివరి గ్లైసీన్‌కి ఏఎంసీ అనే చిన్న రంగు అణువు తగిలించి ఉంటుంది. యూసీహెచ్‌ఎల్3 లాంటి ఎంజైమ్‌కి అది చాలు. యుబిక్విటిన్ తోకకు అంటుకున్న చిన్న ముక్కలను తెంచడమే దాని నైజం, పికోమోలార్ స్థాయిలో వేసినా సిగ్నల్ ఇస్తుంది. ఓటీయూబీ1 అలాంటిది కాదు. అది కత్తిరించేది కే48 గొలుసు, అంటే ఒక యుబిక్విటిన్ తోక ఇంకో యుబిక్విటిన్‌లోని 48వ లైసీన్‌కి కట్టుకున్న బంధం. చెరకుగడను రెండు చేతులా పట్టుకుని విరిచినట్టు, ఓటీయూబీ1 అటువైపు యుబిక్విటిన్‌ని, ఇటువైపు యుబిక్విటిన్‌ని రెండింటినీ పట్టుకున్నాకే మధ్య బంధాన్ని తెంచుతుంది. యూబీ-ఏఎంసీలో రెండో యుబిక్విటిన్ లేనే లేదు.

దీనికి నిర్మాణంలోనే ఆధారం ఉంది. ఓటీయూబీ1లో కోత కోసేది 91వ సిస్టీన్, దానికి తోడు 265వ హిస్టిడీన్, 88వ ఆస్పార్టేట్. ఖాళీగా ఉన్న ఎంజైమ్ క్రిస్టల్‌లో ఈ మూడూ పనిచేసే వరుసలో ఉండవు. సబ్‌స్ట్రేట్ వచ్చి కూర్చున్నాకే సర్దుకుంటాయి. ఎన్-టెర్మినస్‌లోని మొదటి 45 దాకా అమైనో ఆమ్లాలు వదులుగా ఉంటాయి కానీ పనికిరానివి కావు, ఇటువైపు యుబిక్విటిన్‌ని పట్టుకోవడంలో వాటి పాత్ర ఉంది. అందుకే నువ్వు పూర్తి పొడవు ప్రోటీన్ కొనడం మంచిదైంది. ఆ ముందు భాగం కోసేసిన కన్‌స్ట్రక్ట్ వచ్చి ఉంటే ఇబ్బంది పడేదానివి.

కే48 డై-యుబిక్విటిన్, అంటే అలా కట్టుకున్న యుబిక్విటిన్ జంట, కొద్దిగా సంపాదించు. పక్కనే కే63 డై-యుబిక్విటిన్ కూడా పెట్టు, అది 63వ లైసీన్ దగ్గర కట్టుకున్న జంట, ఓటీయూబీ1 దాన్ని కోయకూడదు. జెల్ మీద చూడు. ఆ తర్వాత కూడా ఏమీ కనబడకపోతే అప్పుడు కంపెనీకి రాద్దువు.

తార్నాక_స్కాలర్

చాలా థాంక్స్ సార్. మరి డేటాషీట్‌లో యాక్టివిటీ పరీక్షించామని ఉంది. దేని మీద పరీక్షించారో నేను అసలు చూడలేదు. ఇప్పుడు తెరిస్తే కే48 డై-యుబిక్విటిన్ అనే ఉంది. ఎంజైమ్ ఎంత వేయాలి? 100 నానోమోలార్ సరిపోతుందా?

డండీ_నుంచి

సరిపోదు. ఓటీయూబీ1 ఒంటరిగా నెమ్మదైన ఎంజైమ్, మైక్రోమోలార్‌లలో వేయాలి. యుబిక్విటిన్ గొలుసుల రకాన్ని తేల్చడానికి డీయూబీలను (యుబిక్విటిన్‌ని తెంచే ఎంజైమ్‌లను) కత్తెరల్లా వాడే యూబీక్రెస్ట్ అనే పద్ధతి ఉంది, 2015లో దాని ప్రోటోకాల్ వివరంగా అచ్చయింది. అందులో కూడా ఓటీయూబీ1ని మిగతా వాటికంటే ఎక్కువ గాఢతలో వాడతారు. నేను చేసే తీరు ఇది.

ముందు ఎంజైమ్‌ని 25 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 7.5, 150 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 10 మిల్లీమోలార్ డీటీటీలో పలచన చేసి గది ఉష్ణోగ్రతలో పది పదిహేను నిమిషాలు ఉంచుతాను. నిల్వలో సిస్టీన్ కాస్త ఆక్సిడైజ్ అయి ఉంటే డీటీటీ దాన్ని వెనక్కి తెస్తుంది. తర్వాత 1 లేదా 2 మైక్రోమోలార్ డై-యుబిక్విటిన్‌తో కలిపి 37 డిగ్రీల దగ్గర పెట్టి సున్నా, ఐదు, పదిహేను, ముప్ఫై, అరవై నిమిషాలకు కొంచెం కొంచెం తీసి శాంపిల్ బఫర్‌లో ఆపేస్తాను. 17 కిలోడాల్టన్ల బ్యాండ్ తగ్గి 8.5 బ్యాండ్ పెరగాలి. ఎంజైమ్‌ని 1, 5, 10 మైక్రోమోలార్ దగ్గర పక్కపక్కనే చూడండి. మీ దగ్గర సరుకు తక్కువుంటే 10 మైక్రోలీటర్ల రియాక్షన్ చాలు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ2 అంటే యుబిక్విటిన్‌ని మోసుకెళ్ళి గొలుసు కట్టే ఎంజైమ్. ఖాళీగా ఉన్న ఈ2, అంటే యుబిక్విటిన్ ఎక్కించుకోని యూబీఈ2డీ రకం ప్రోటీన్, ఓటీయూబీ1ని ఉత్తేజపరుస్తుంది. దాని ముందు భాగం ఆ ఈ2 తోడుంటే సరిగ్గా కుదురుకుంటుంది. అందుకే కొన్ని ల్యాబ్‌లు ఈ2ని, ఓటీయూబీ1ని ఒకే గొలుసుగా కలిపిన కన్‌స్ట్రక్ట్ వాడతాయి. గొలుసు రకం తేల్చడమే మీ పనైతే అది చాలా హాయి. కానీ సహజ ఓటీయూబీ1 ఏం చేస్తోందో తెలుసుకోవడమే మీ ప్రశ్న కాబట్టి ప్రస్తుతానికి ఒంటరి ఎంజైమ్‌తోనే వెళ్ళండి.

జెల్_రాణి

జెల్ విషయంలో నాదో మాట. 8.5 కిలోడాల్టన్ల బ్యాండ్ 10 శాతం జెల్‌లో డై ఫ్రంట్‌తో కలిసిపోతుంది. 15 శాతం గానీ, 4 నుంచి 12 శాతం గ్రేడియెంట్ జెల్ ఎంఈఎస్ బఫర్‌లో గానీ నడపండి. మైక్రోమోలార్ గొలుసైతే కూమాసీ సరిపోతుంది, తక్కువైతే సిల్వర్. వెస్టర్న్ చేస్తే 0.2 మైక్రాన్ మెంబ్రేన్ తీసుకోండి, 0.45లోంచి మోనో-యుబిక్విటిన్ దాటి వెళ్ళిపోతుంది. ట్రాన్స్‌ఫర్ అయ్యాక మెంబ్రేన్‌ని నీళ్ళలో మరిగిస్తే యాంటీబాడీ సిగ్నల్ బాగా పెరుగుతుంది, యుబిక్విటిన్ మడత గట్టిది కాబట్టి అది విప్పుకోవాలి.

ఓటీయూబీ1 31 కిలోడాల్టన్లు కనుక మీకు కావాల్సిన బ్యాండ్ల మీద పడదు, ఆ బాధ లేదు.

బెంచ్_వైజాగ్

మంచి చర్చ ఇది. పాత_ప్రోటీన్ సార్, ఒక సందేహం. మిగతా డీయూబీలకూ ఇదే గొడవా? మా దగ్గర యూఎస్‌పీ1 అనే డీయూబీ పెట్టుకుని ఏడాదిగా ఎవరూ ముట్టుకోవట్లేదు, పనిచేయదని.

పాత_ప్రోటీన్

బాబూ, ముందు మీ యూఎస్‌పీ1 పక్కన దాని తోడు ప్రోటీన్ యూఏఎఫ్1 ఉందేమో చూడండి. ఒంటరి యూఎస్‌పీ1 చాలా బలహీనం. యూఏఎఫ్1తో జట్టుకట్టాకే అది అసలు ఎంజైమ్. అందుకే ఎంఎల్323 లాంటి ఇన్హిబిటర్లను (ఎంజైమ్‌ని ఆపే కాంపౌండ్లను) ఆ జంట మీదే పరీక్షించారు.

మనిషి కణాల్లో డీయూబీలు సుమారు వంద. యూఎస్‌పీలు అన్నిటికంటే పెద్ద కుటుంబం, తర్వాత ఓటీయూలు, యూసీహెచ్‌లు, జోసెఫిన్‌లు. ఇవి సిస్టీన్ ఎంజైమ్‌లు. మిండీ కుటుంబం 2016లో, జడ్‌యూపీ1 2018లో బయటపడ్డాయి. జామ్ కుటుంబం మాత్రం వేరు, అవి జింక్ మీద నడుస్తాయి. ఈ వందింటినీ ఒకే యూబీ-ఏఎంసీ ప్లేట్ మీద కొలిచి బతికున్నదేదో చచ్చినదేదో చెప్పేస్తే అన్యాయమే. యూఎస్‌పీ14 ప్రోటియాజోమ్ మీద కూర్చున్నాకే మేలుకుంటుంది, ఒంటరిగా దాదాపు నిద్రే. యూసీహెచ్37కి ఆర్‌పీఎన్13 తోడు కావాలి. బీఏపీ1కి ఏఎస్‌ఎక్స్‌ఎల్ ప్రోటీన్లు కావాలి. ఇవన్నీ సొంత భాగస్వామితో ఉన్నప్పుడే అసలు స్వరూపం చూపిస్తాయి.

యూఎస్‌పీ7 సంగతి ఇంకా ఆసక్తికరం, దానికి తోడు బయట నుంచి రానక్కరలేదు. మొత్తం 1102 అమైనో ఆమ్లాలు, అందులో 208 నుంచి 560 దాకా క్యాటలిటిక్ డొమైన్. 2002లో దాని క్రిస్టల్ నిర్మాణం వచ్చింది. 223వ సిస్టీన్, 464వ హిస్టిడీన్ ఖాళీ ఎంజైమ్‌లో దూరదూరంగా ఉన్నాయి, యుబిక్విటిన్ ఆల్డిహైడ్ కట్టుకున్నాకే దగ్గరికొచ్చాయి. ఆ డొమైన్ ఒక్కటే కొంటే పూర్తి ప్రోటీన్‌తో పోలిస్తే బాగా బలహీనంగా ఉంటుంది. చివరనున్న యుబిక్విటిన్ లాంటి డొమైన్లు, ఆ తోక వెనక్కి తిరిగి వచ్చి క్యాటలిటిక్ డొమైన్‌ని సరిచేస్తాయి కనుక. క్యాటలాగ్‌లో రెండూ యూఎస్‌పీ7 పేరుతోనే ఉంటాయి. ఏ అమైనో ఆమ్లం నుంచి ఏ అమైనో ఆమ్లం దాకా అనేది చదవకుండా ఆర్డర్ పెట్టొద్దని మా పిల్లలకు ఎప్పుడూ చెబుతాను.

బెంచ్_వైజాగ్

సార్, చూశాను. మా యూఎస్‌పీ1 ఒంటరిదే. దాన్ని పారేయకుండా ఉంచుతాను, యూఏఎఫ్1 కోసం వెతుకుతాను.

స్క్రీనింగ్_మనిషి

> డీటీటీ అప్పటికప్పుడు కలిపిందే

ముందుముందు ఇన్హిబిటర్లు కూడా పరీక్షిస్తారేమో కాబట్టి ఇది రాస్తున్నాను. డీయూబీ స్క్రీనింగ్‌లో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది డీటీటీ. క్వినోన్ లాంటి కాంపౌండ్లు డీటీటీ సమక్షంలో ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి. అది వెళ్ళి యాక్టివ్ సైట్ సిస్టీన్‌ని ఆక్సిడైజ్ చేస్తుంది. ప్లేట్ మీద అద్భుతమైన ఇన్హిబిటర్‌లా కనబడుతుంది, నిజానికి అది ఆ ఎంజైమ్‌ని పట్టుకోనే లేదు. డీటీటీ లాంటి పనే చేసే టీసీఈపీతోనూ ఇదే బాధ. అందుకే హిట్ వచ్చిన ప్రతి కాంపౌండ్‌నీ పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే కాటలేస్ కలిపి మళ్ళీ చూస్తాం. ఇన్హిబిషన్ మాయమైతే ఆ కాంపౌండ్‌ని పక్కన పెట్టేస్తాం. సిస్టీన్ లేదా గ్లుటాథయోన్ లాంటి మెత్తని రిడ్యూసింగ్ ఏజెంట్‌కి మారడం ఇంకో దారి.

ఇంకోటి, 380 దగ్గర చాలా కాంపౌండ్లు వాటంతట అవే మెరుస్తాయి. అందుకే మేం యూబీ-రోడమీన్‌కి మారిపోయాం, 485 దగ్గర ఎక్సైట్ చేసి 535 దగ్గర చదువుతాం. అక్కడ ఆ గోల చాలా తక్కువ. కానీ ఓటీయూబీ1కి రోడమీన్ కూడా పనికిరాదు, పైన సార్ చెప్పిన కారణమే. దానికి గొలుసు మధ్య బంధం తెగితే వెలిగే ఫ్రెట్ డై-యుబిక్విటిన్‌లు ఉన్నాయి, ఖరీదు ఎక్కువ.

కొత్త_బెంచ్

ఇంత ఖరీదు పెట్టి కొనే బదులు మనమే తయారు చేసుకోవచ్చు కదా? ఓటీయూబీ1 చిన్న ప్రోటీనే.

డండీ_నుంచి

చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. ఓటీయూబీ1 ఈ.కోలైలో చక్కగా కరిగే ప్రోటీన్‌గా వస్తుంది. ప్లాస్మిడ్లు పంచే అడ్‌జీన్ సంస్థ దగ్గర చాలా డీయూబీ ప్లాస్మిడ్లు ఉన్నాయి. డండీ విశ్వవిద్యాలయంలోని ఎంఆర్‌సీ యూనిట్ కూడా ప్లాస్మిడ్లు, ప్రోటీన్లు పంపుతుంది. ప్లాస్మిడ్ అయితే డ్రై ఐస్ అక్కరలేదు, కస్టమ్స్‌లో ఆగినా ఏమీ కాదు. బీఎల్21లో పెట్టి, 18 డిగ్రీల దగ్గర రాత్రంతా ఐపీటీజీ ఇండక్షన్, నికెల్ కాలమ్, చివర సైజ్ ఎక్స్‌క్లూజన్. ఆఖరి బఫర్‌లో డీటీటీ లేదా టీసీఈపీ, కాస్త గ్లిసరాల్. చిన్న చిన్న ఆలికాట్లుగా ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి మైనస్ 80లో పెడితే చాలాకాలం నిలుస్తుంది. ఒకసారి కరిగించింది మళ్ళీ గడ్డకట్టించొద్దు.

జెల్_రాణి

నేను ఇక్కడ కొంచెం విభేదిస్తాను. అన్నిటికీ ఈ సలహా పనికిరాదు. సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్ లేని కాలేజీ ల్యాబ్‌లు మన దగ్గర బోలెడున్నాయి. ఒకటి రెండు ప్రయోగాలకు కొన్నదే చవక, పరీక్షించి పంపుతారు. యూఎస్‌పీ7 లాంటి 128 కిలోడాల్టన్ల ప్రోటీన్ ఇంట్లో తయారు చేయబోతే ముక్కలు ముక్కలుగా వచ్చి విద్యార్థి సంవత్సరం దాని మీదే పోతుంది. చిన్నవి, తరచూ వాడేవి మాత్రం చేసుకోండి.

డండీ_నుంచి

ఒప్పుకుంటున్నాను, యూఎస్‌పీ7 కొనడమే మేలు.

తార్నాక_స్కాలర్

అందరికీ అప్‌డేట్. పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళు కే48, కే63 డై-యుబిక్విటిన్ కొంచెం ఇచ్చారు. డండీ గారు చెప్పినట్టే చేశాం. 5 మైక్రోమోలార్ దగ్గర కే48 డై-యుబిక్విటిన్ గంటలో చాలా వరకు మోనోగా మారింది. 10 దగ్గర ముప్ఫై నిమిషాలకే సగానికి పైగా పోయింది. కే63 మాత్రం అలాగే ఉంది, రెండు గాఢతల్లోనూ. ఎంజైమ్ బతికే ఉంది! మా సార్ జెల్ చూసి కంపెనీకి రాయాలనుకున్న మెయిల్ డ్రాఫ్ట్ తీసేశారు.

ఇక ఇప్పుడు మా ప్రోటీన్‌ని యుబిక్విటిన్ గొలుసులతో సహా కణాల్లోంచి లాగి, దాని మీద ఈ ఓటీయూబీ1 వేసి చూపిస్తే మా వాదన నిలబడినట్టేనా?

పాత_ప్రోటీన్

సంతోషం అమ్మా. కానీ ఈ ప్రశ్న దగ్గర నిన్ను ఆపాలి, పేపర్ రివ్యూకి వెళ్ళినప్పుడు మొదట అడిగేది ఇదే.

ట్యూబ్‌లో 10 మైక్రోమోలార్ ఓటీయూబీ1 వేస్తే దేని మీది కే48 గొలుసునైనా కోస్తుంది. అది ఎంజైమ్ సామర్థ్యాన్ని చూపుతుంది, కణంలో అదే జరుగుతోందని చూపదు. పైగా ఓటీయూబీ1కి ఇంకో ముఖం ఉంది. 2010లో తేలింది, డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు ఇది యూబీసీ13 అనే ఈ2ని పట్టుకుని కే63 గొలుసులు కట్టకుండా ఆపుతుందని. ఆ పనికి కోతతో సంబంధమే లేదు, 91వ సిస్టీన్ లేకపోయినా ఆపుతుంది. క్యాన్సర్‌ని అడ్డుకునే పీ53 ప్రోటీన్ విషయంలోనూ ఇలాంటిదే 2012లో వచ్చింది. ఓటీయూబీ1 పీ53ని నిలబెడుతుంది, కానీ గొలుసు కోసి కాదు, గొలుసు కట్టే ఈ2ని అడ్డుకుని. అక్కడ 91వ సిస్టీన్ మార్చినా పని జరిగింది, 88వ ఆస్పార్టేట్ మారిస్తే ఆగిపోయింది.

నీ ప్రోటీన్ కూడా నిలకడగా ఉండటమే కదా సమస్య. అది కోత వల్లా, ఈ2ని ఆపడం వల్లా? ఈ రెండూ వేరు చేయకుండా డీయూబీ అని పేరు పెట్టేస్తే తప్పు దారిలో పడతాం. కణాల్లో ఓటీయూబీ1ని తీసేసి, మామూలు రూపం, సీ91ఎస్ (91వ సిస్టీన్‌ని సెరీన్‌గా మార్చినది), డీ88ఏ (88వ ఆస్పార్టేట్‌ని అలనిన్‌గా మార్చినది) మూడూ విడివిడిగా తిరిగి పెట్టి చూడు. సీ91ఎస్ కూడా నీ ప్రోటీన్‌ని కాపాడితే కోత కథ అక్కడికి ముగిసినట్టే, అప్పుడు నీ పేపర్ ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది.

డండీ_నుంచి

దీనికి ఒక చిన్న చేర్పు. సిస్టీన్‌ని అలనిన్‌గా మారిస్తే కొన్ని డీయూబీలు యుబిక్విటిన్‌ని మామూలు కంటే గట్టిగా పట్టుకుని కూర్చుంటాయని 2018లో తేలింది. కోయకపోయినా గొలుసును కప్పేసి ఇతర ఎంజైమ్‌లకు అందనివ్వవు. కాబట్టి సీ91ఏ వాడేట్టయితే దానితో పాటు అదే సిస్టీన్‌ని ఆర్జినిన్‌గా మార్చిన రూపం కూడా పెట్టండి, అది యుబిక్విటిన్‌కి చోటివ్వదు.

తార్నాక_స్కాలర్

సార్, ఇది మేం అసలు ఆలోచించలేదు. డీ88ఏ ప్రైమర్లు ఇవాళే ఆర్డర్ పెడుతున్నాను. ఆఖరిగా ఒక్క ప్రశ్న. కణాల్లోంచి ప్రోటీన్ లాగేటప్పుడు గొలుసులు దారిలోనే తెగిపోకుండా లైసిస్ బఫర్‌లో ఏం వేయాలి? తర్వాత నా ఓటీయూబీ1 వేసినప్పుడు అది మిగిలి ఉంటే ఎంజైమ్‌ని చంపేయదా?

జెల్_రాణి

చంపేస్తుంది, అందుకే కడగాలి. లైసిస్‌లో తాజాగా కలిపిన ఎన్‌ఈఎం (సిస్టీన్‌ని మూసేసే రసాయనం) 10 మిల్లీమోలార్ పైన వేయండి, సిస్టీన్ డీయూబీలన్నీ ఆగిపోతాయి. ఆ బఫర్‌లో డీటీటీ ఉండకూడదు, ఉంటే ఎన్‌ఈఎంని అదే తినేస్తుంది. జామ్ కుటుంబం జింక్‌తో నడుస్తుంది కాబట్టి ఎన్‌ఈఎంకి లొంగదు, వాటికి ఈడీటీఏ లేదా 1,10-ఫినాంత్రోలిన్ కూడా పెట్టండి. ప్రోటీన్ బీడ్‌ల మీద ఉండగానే ఎన్‌ఈఎం లేని బఫర్‌తో బాగా కడిగి, చివరి వాష్‌లో డీటీటీ ఉంచితే మిగిలిన ఎన్‌ఈఎం పట్టుబడుతుంది. ఆ తర్వాతే ఓటీయూబీ1. పక్క ట్యూబ్‌లో ఏ గొలుసునైనా కోసే యూఎస్‌పీ21 లేదా యూఎస్‌పీ2 క్యాటలిటిక్ డొమైన్ వేసుకోండి, అక్కడ స్మియర్, అంటే జెల్ మీద అలికినట్టు కనిపించే గొలుసుల మరక, మొత్తం పోవాలి. అది కూడా పోకపోతే కడగడం చాలలేదని అర్థం. కే63 కూడా ఉందేమో చూడాలంటే కే63 గొలుసులను కోసే ఏఎంఎస్‌హెచ్ వేయొచ్చు, కానీ అది జింక్ ఎంజైమ్ కనుక ఆ ట్యూబ్‌లోకి ఈడీటీఏ రాకుండా చూసుకోండి.